ఫిడేలు నాయుడుగారు: దిగిన శ్రుతి, నిండిన నాదము

ఫిడేలు మన దేశమున పుట్టిన వాద్యము కాదు. ఐరోపా నుండి వచ్చి, దక్షిణదేశపు కచేరీలో గాయకుని ప్రక్కన చోటు సంపాదించుకొని, రెండు వందల యేండ్లలో వీణ వలెనే మనది అనిపించుకొన్నది. బాలుస్వామి దీక్షితులు (1786-1858) దానిని మొదట కర్ణాటక సంగీతమునకు అలవాటు చేసినారని ప్రసిద్ధి. తంజావూరు సోదరులలో వడివేలు దానికి రాజాస్థానమున గౌరవము కూర్చినాడు. ఇంకా ఎందరో దాని కొరకు పాటుపడినారు. అయినను ఫిడేలు అనగానే తెలుగువారి మనసులో మెదలే పేరు ద్వారం వెంకటస్వామి నాయుడుగారిది. వాద్యమే ఇంటిపేరు కాగా లోకము ఆయనను ఫిడేలు నాయుడుగారు అన్నది. ఇట్టి గౌరవము అందరికీ దక్కునది కాదు.

నాయుడుగారిని విన్నవారు మొదట చెప్పుకొనేది వేగమును గురించి కాదు, లెక్కల చమత్కారమును గురించి కాదు. నాదమును గురించి. చేతికి ఇమిడే ఆ చిన్న కొయ్యపెట్టె నుండి అంత నిండైన ధ్వని ఎట్లు వచ్చినదన్న ఆశ్చర్యమే వారి మాటలలో వినబడును. ఆ ఆశ్చర్యమునకు కారణము లేకపోలేదు. మన కచేరీకి వచ్చిన ఫిడేలు తన తీగలను వదులు చేసికొని, పుట్టినింటి శ్రుతిని విడిచి, క్రిందికి దిగి రావలసి వచ్చినది. దిగినకొద్దీ ధ్వనిలో గాంభీర్యము పెరుగునన్నది ఒక ఆశ. దిగినకొద్దీ తీగ బలము తగ్గి ధ్వని చచ్చిపడునన్నది ఒక భయము. ఈ రెండింటి నడుమ నాయుడుగారి జీవితము గడిచినది.

ఆయన 1893 నవంబరు 8వ తేదీన, దీపావళినాడు, బెంగుళూరులో జన్మించినారు. పెరిగినది విశాఖపట్టణములో. చిన్ననాటినుండి చూపు మందము. ఆ కారణమున బడిచదువు ముందుకు సాగలేదు. చదువు మానిన పిల్లవానికి ఆ కాలమున తెరచియున్న దారులు కొద్ది. చూపు చాలనివానికి అవియు మూసుకొనును. అయితే ఆ ఇంట ఫిడేలు ఉన్నది, అన్నగారు వెంకటకృష్ణయ్య ఉన్నారు. తమ్ముని చేతికి కమాను అందించి మొదటి పాఠములు చెప్పినది ఆయనే. కంటితో అందుకోవలసిన దానిని చెవితో, వ్రేలితో అందుకొనుట ఆనాడే అలవాటైనది. ఫిడేలుపై వీణకు వలె మెట్లు లేవు. స్వరస్థానమును చూపే గుర్తు ఏదియు లేదు. చూపున్నవాడు సైతము అక్కడ చెవినే నమ్ముకోవలెను. అందుచేత ఆ బాలునికి ఫిడేలు తగిన వాద్యమే అయినది.

ఇక్కడ శ్రుతి సంగతి కొంచెము విప్పి చెప్పుకొనక తప్పదు. ఐరోపావారి పద్ధతిలో ఫిడేలు నాలుగు తంతులకును నిలకడైన స్థానములున్నవి. క్రిందినుండి పైకి జి, డి, ఏ, ఇ. మన హార్మోనియం లెక్కలో ఇవి ఐదు, రెండు, ఆరు, మూడు శ్రుతులు. ప్రపంచమున ఎక్కడ వాయించినను అవి అంతే. మన పద్ధతి వేరు. మనకు ఆధారషడ్జము గాయకుని గొంతునుబట్టి ఏర్పడును. ఫిడేలు తంతులు ఆ షడ్జమునుబట్టి మంద్రషడ్జము, మంద్రపంచమము, మధ్యషడ్జము, మధ్యపంచమము అని అమరును. ఐదో శ్రుతిలో పాడే స్త్రీకి ప్రక్కవాద్యమైనచో క్రింది రెండు తంతులు కదలనవసరము లేదు. పై రెండింటిని ఒక్కొక్క స్వరము దించిన చాలును. రెండో శ్రుతిలో పాడే పురుషునికి వాయించవలెనన్నచో కథ మారును. క్రింది రెండు తంతులు నాలుగేసి స్వరముల దూరము, పై రెండు తంతులు ఐదేసి స్వరముల దూరము దిగవలెను. అనగా పై తంతి షడ్జమనుకొన్నచో అది క్రింది మధ్యమమును చేరవలెను. ఇది చిన్న దూరము కాదు.

దీని ఫలితమెట్టిదో విద్యార్థులు పాఠశాల ప్రయోగశాలలో సోనామీటరు ఉన్నచో స్వయముగా చూడవచ్చును. తీగకు 4 కిలోల బరువు వ్రేలాడదీసి మీటి, ఆ స్థాయిని గుర్తుంచుకొని, బరువును 1 కిలోకు తగ్గించి మరల మీటవలెను. బరువు నాలుగవ వంతు కాగా శ్రుతి సరిగా సగమునకు, అనగా ఒక స్థాయి క్రిందికి దిగును. కంపనసంఖ్య బిగువు యొక్క వర్గమూలమునుబట్టి నడచుటయే దీనికి కారణము. ఈ లెక్కను ఫిడేలు పై తంతికి వర్తింపజేసినచో, రెండో శ్రుతికి దించిన తీగలో మిగిలే బిగువు తొమ్మిదింట నాలుగు పాళ్ళే. సగమునకు పైగా పోయినది. అట్టి తీగపై పూర్వపు బలముతోనే కమానును నొక్కినచో తీగ పక్కకు లాగబడి స్వరము చలించును, ధ్వని గరగరలాడును. మందమైన తీగ వేసినచో బిగువును కొంత నిలుపుకోవచ్చును, నిజమే. కాని మందపు తీగ కమానుకు త్వరగా పలుకదు.

మరియొక చిక్కు ఫిడేలు పెట్టెలోనే ఉన్నది. దాని లోపలి గాలి సెకనుకు ఇంచుమించు 280 కంపనముల వద్ద బాగుగా స్పందించును. రెండో శ్రుతిలోని మంద్రషడ్జము సెకనుకు 147 కంపనములే. ఆ స్వరపు మూలధ్వనిని ఆ చిన్న పెట్టె మోయలేదు. అట్లయినను మనకు మంద్రము వినబడుచున్నదే! అది ఆ తీగ నుండి పుట్టే ఉపస్వరముల చలువ. మూలధ్వని బలహీనమైనను దాని రెట్టింపులు, మూడింతలు, నాలుగింతలు చెవికి చేరి అచ్చటనే మూలస్వరము కూడుకొనును. కనుక క్రింది శ్రుతిలో ధ్వని బరువుగా ఉండుటయన్నది కేవలము శ్రుతి దించుటవలన రాదు. ఆ ఉపస్వరములు నిండుగా, ఎడతెగక పలుకవలెను. అది కమాను పట్టిన చేతి పని.

శ్రుతి దించి నాదమునకు బరువు తెచ్చుకొను ఆలోచన ఫిడేలుకే పరిమితము కాదు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో టోనీ అయోమీ అనే గిటారు వాదకుడు 1965లో కర్మాగార ప్రమాదమున రెండు వ్రేళ్ళ కొనలు పోగొట్టుకొన్నాడు. బిగువైన తీగలు నొక్కుట కష్టము కాగా సన్నని తీగలు వేసికొని, తరువాత వానిని వదులు చేసి వాయించసాగినాడు. ఆయన బృందమైన బ్లాక్ సబ్బత్ 1971లో వెలువరించిన ఒక రికార్డులో పలు పాటలకు గిటారును మూడు అర్ధస్వరములు దించినాడు. ఆ బరువైన ధ్వని వెనుక ఒక తరము గిటారు వాదకులంతా నడిచినారు. ఆయనకు విద్యుత్తుతో ధ్వనిని పెంచే యంత్రము తోడున్నది. వదులు తీగ పోగొట్టుకొన్న బలమును ఆ యంత్రము తిరిగి యిచ్చినది. నాయుడుగారు నేర్చుకొన్న కాలమున అట్టి తోడు లేదు. వ్రేళ్ళ లోపము ఒకనికి, కంటి లోపము మరియొకరికి. ఇద్దరును లోపమును దాచుకొనక దాని చుట్టును దారి వెదకినవారే.

నాయుడుగారు వెదకిన దారి నిడుపాటి కమాను. వదులు తీగను బలముగా నొక్కరాదు, సరే. నొక్కకుండ ధ్వనిని పెంచవలెనన్నచో కమానును పొడుగునా, జంకు లేకుండ లాగవలెను. అంతకు మించిన ఉపాయము భౌతికశాస్త్రమునందును లేదు. ఆనాటి ప్రక్కవాద్యపు అలవాటు దీనికి విరుద్ధముగా ఉండెడిది. గాయకుని పలుకు పలుకునకు కమానును ముక్కలుగా త్రుంచి వాయించుటయే పరిపాటి. నాయుడుగారు పాశ్చాత్య వాదకుల కమాను నడకను శ్రద్ధగా గమనించినారు. వారి సంగీతమును గాక వారి చేతిని గ్రహించినారనుట సరియైన మాట. కమాను మొదలునుండి కొనవరకు ఒకే బరువుతో, ఒకే ఊపిరితో సాగినచో తీగ తనంత తానే పలుకును. స్వరము మొదలైన చోటు, ముగిసిన చోటు చెవికి తగులవు. గాయకుడు దమ్ము పట్టి నిలిపిన కార్వ వలె ఉండును.

ఎడమచేతి పద్ధతిలో ఆయన మనవారి మార్గమును విడువలేదు. ఐరోపా వాదకుడు నిలిచి, వాద్యమును గడ్డముక్రింద అదిమి పట్టును. మనవారు నేలపై కూర్చుండి వాద్యము కొనను కుడిపాదముపై ఆనించుదురు. వాద్యమును మోసే బాధ్యత లేనందున ఎడమచేయి తీగపై స్వేచ్ఛగా జారగలదు. గమకమునకు ఇదియే ఆధారము. వదులు తీగపై వ్రేలు మెత్తగా జారును గనుక, శ్రుతి దించుట ఇచ్చట నష్టము కాక లాభమే అయినది. నాదమును కుడిచేయి కాపాడగా రాగమును ఎడమచేయి తీర్చినది. నాయుడుగారి వాదనలో పరదేశపు కమాను, స్వదేశపు గమకము వేరువేరుగా కనబడక ఒక్కటైనవి. ఈ కలయికను అనుకరించబోయి ఒకదానిని పోగొట్టుకొన్నవారే ఎక్కువ.

1919లో విజయనగరమున విజయరామ గజపతి మహారాజు సంగీత కళాశాలను నెలకొల్పినారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు (1864-1945) దానికి తొలి అధ్యక్షులు. నాయుడుగారు అక్కడ విద్యార్థిగా చేరదలచి వెళ్ళగా, ఆయన వాయించిన తీరు విని అధ్యాపకునిగా నియమించినారని ప్రతీతి. అప్పటికి ఆయన వయసు 26 ఏండ్లు. చూపు చాలక బడి విడిచిన పిల్లవాడు కళాశాలలో గురుపీఠమెక్కినాడు. నారాయణదాసుగారి అనంతరము 1936లో ఆ కళాశాల అధ్యక్షపదవి సైతము ఆయననే వరించినది. ఘంటసాల వెంకటేశ్వరరావు (1922-1974), నేదునూరి కృష్ణమూర్తి (1927-2014), పి. సుశీల మున్నగువారు చదివినది ఆ కళాశాలలోనే. 2019లో దానికి నూరేండ్లు నిండినవి.

ఉపాధ్యాయుడైనవాడు తన విద్యను తాను మరల పరీక్షించుకొనక తప్పదు. తనకు చేతవాటముగా వచ్చినదానిని ఇతరులకు ఎట్లు చేతవాటమగునో ఆలోచించవలెను. ద్వారం బాణి అన్న పేరుతో ఒక వాదన సంప్రదాయము నిలిచినదంటే అది కచేరీలలో కంటె విజయనగరపు తరగతి గదులలో బలపడినది. ఆయన కుమారుడు భావనారాయణరావు, కుమార్తె మంగతాయారు ఆ బాణిని చేపట్టినారు. అన్నగారి వంశమువారును దానిని కొనసాగించినారు.

ఇంతలో దక్షిణదేశపు కచేరీ రూపమే మారసాగినది. మైకు లేని కాలమున వెనుక వరుసవానికి వినబడవలెనన్నచో గాయకుడు హెచ్చు శ్రుతిలో గొంతెత్తి పాడవలెను. మన పద్యనాటకములలోని నటులు ఎంతటి హెచ్చు శ్రుతిలో పాడెడివారో తెలుగువారికి చెప్పనక్కరలేదు. మైకు వచ్చిన పిదప గాయకులు తమ గొంతునకు సుఖమైన శ్రుతికి దిగి రాసాగినారు. వారితోపాటు ఫిడేలును దిగినది. దిగిన ఫిడేలు ధ్వని పలుచనైనచో కచేరీ అంతయు పలుచనగును. అట్టి సమయమున నిండు నాదము గల కమాను ఎంత విలువైనదో వేరుగా చెప్పవలెనా?

ఆనాటి పెద్ద గాయకులకు నాయుడుగారు ప్రక్కవాద్యము వాయించినారు. అయితే ప్రక్కవాద్యకారుని దశ విచిత్రమైనది. శ్రుతి గాయకునిది, రాగము గాయకునిది, కాలప్రమాణము గాయకునిది. గాయకుడు ఆగిన చోట దొరికిన కొద్ది వ్యవధిలో తన ప్రజ్ఞ చూపి, వెంటనే వెనుకకు తగ్గవలెను. ఎంతటి వాదకుడైనను రెండవ స్థానమే. 1938లో వేలూరులో నాయుడుగారు గాయకుడు లేకుండ ఫిడేలు ప్రధానవాద్యముగా కచేరీ చేసినారు. ఫిడేలును ప్రధానస్థానమున నిలిపిన తొలి కచేరీగా దీనిని పలువురు చెప్పుదురు. నేడు ఇది సామాన్య విషయము. ఆనాడు ఫిడేలు ఒంటరిగా రెండు మూడు గంటలు సభను నిలుపగలదా అన్నదే సందేహము. మాట లేదు, సాహిత్యము లేదు. శ్రోతను పట్టి కూర్చుండబెట్టవలసినది నాదమొక్కటే. గాయకుడు లేని కచేరీలో శ్రుతిని నిర్ణయించువాడు వాదకుడే. గొంతు కొరకు దిగివచ్చిన వాద్యము తన కొరకు తాను శ్రుతి ఎంచుకొన్నది. సంగీతచరిత్రలో ఈ స్వాతంత్ర్యమునకు రావలసినంత గుర్తింపు రాలేదు.

1941లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదమునిచ్చినది. 1950లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ అన్నది. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారము, 1957లో పద్మశ్రీ వచ్చినవి. బిరుదములను ఇంతటితో విడిచిపెట్టవచ్చును.

1952లో ప్రపంచప్రఖ్యాత ఫిడేలు విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ భారతదేశమునకు మొదటిసారి వచ్చినాడు. మద్రాసులో ప్రధాన న్యాయమూర్తి పి.వి. రాజమన్నారుగారి ఇంట నాయుడుగారి వాదన విని ఆయన పరవశుడైనాడు. ఆ సాయంకాలమును ఊహించుకొనుట ఉచితము. ఒకే వాద్యము. ఒకనిది బాల్యమునుండి జి, డి, ఏ, ఇ అని బిగించిన ఫిడేలు. మరియొకరిది తంతులు దించి సా, పా, సా, పా అని అమర్చినది. ఒకరు నిలిచి వాయించువారు, ఒకరు కూర్చుండి. మెనూహిన్‌కు మన రాగముల మర్మము ఆనాటికి అంతగా తెలియదు. కాని కమాను ఎట్టిదో, దానినుండి నాదమెట్లు పుట్టునో ఆయనకు తెలిసినంతగా లోకమున మరెవరికి తెలియును? తీగ బిగువు తగ్గినను నాదము తగ్గలేదన్న సంగతి ఆయన చెవి మొదటి కమానుకే పట్టియుండును.

నాయుడుగారు సంగీతమును గురించి వ్యాసములును వ్రాసినారు. వానిలో తంబురా మహిమను గురించి వ్రాసినది ముఖ్యముగా చెప్పదగినది. ఫిడేలు విద్వాంసుడు తంబురాను గురించి వ్రాయుట వింతగా తోచవచ్చును. ఆలోచించినచో వింత లేదు. క్రింది శ్రుతి అందము ఏమిటో తెలియవలెనన్నచో తంబురాను మించిన గురువు లేదు. దాని నాలుగు తంతులలో చివరిది మంద్రషడ్జము. గుర్రముపై తీగక్రింద సన్నని నూలుపోగు జరిపి జీవ పట్టించినచో ఆ ఒక్క తీగనుండి ఉపస్వరములు వరుసగా విచ్చుకొనును. అన్నిటికంటె చక్కనిది, ఎవరును మీటని అంతరగాంధారము దానియంతట అది వినబడుట. తీగ కంపనములో ఐదవ ఉపస్వరము అదియే. మీటినది షడ్జము, పలికినది గాంధారము కూడ. తంబురాను గంటలకొలది శ్రద్ధగా విన్న చెవి ఫిడేలు మంద్రతంతినుండి అదే విస్తారమును కోరుట సహజము. కంటిచూపు చాలని ఆ విద్వాంసునికి తంబురా నాదమే వెలుతురు అనుట అతిశయోక్తి కాదు.

నాయుడుగారు 1964 నవంబరు 25న, 71 ఏండ్ల వయసున పరమపదించినారు. 1993లో శతజయంతి సందర్భమున భారత తపాలాశాఖ ఆయన బొమ్మతో తపాలాబిళ్ళను వెలువరించినది. ఆయన వాదన గ్రామఫోను పళ్ళెములపై కొంత మిగిలినది. నిమిషమునకు 78 చుట్లు తిరిగే ఆ పళ్ళెము ఒక ప్రక్కను మూడు నాలుగు నిమిషములే పట్టును. నిడుపాటి రాగమును అందులో ఇమిడ్చుట కష్టము. మంద్రస్వరములను ఆ యంత్రము సరిగా అందుకోలేదు కూడ. పై తంతుల ధ్వని ముందుకు వచ్చి, క్రింది తంతులు గీతల సవ్వడి మాటున పడిపోవును. అయినను ఆ గరగరల నడుమ చెవి యొగ్గి విన్నచో కమాను ఒక స్వరముపై మొదలై, ఎక్కడను ఆగక, త్రిప్పిన చోటు తెలియనీయక, మరల వెనుకకు వచ్చుట స్పష్టముగా వినబడును.